చెమ్మసీమలో గృహశుభ్రత

గృహశుభ్రత యనగానే మన మనస్సునకు మొదట తోచునవి చీపురును, నీళ్ళబిందెయును. అనంతపురము, బళ్ళారివంటి పొడిసీమలలో ఇంటికి ముఖ్యశత్రువు దుమ్ము. ఊడ్చి, నీటితో కడిగినచో అచ్చట పని చాలవరకు నెరవేరును. మన బరంపురము సంగతి వేరు. గోపాలపురపు సముద్రతీరము మన యూరికి సుమారు 15 కిలోమీటర్ల దూరముననే యున్నది. జూన్ మాసపు నడిమి మొదలు అక్టోబరు చివరివరకు ఇచ్చటి గాలి నీటితో నిండియుండును. ఆ దినములలో కడిగిన నేల సాయంకాలమునకును ఆరదు. ఇంటిలో ఆరవేసిన చీర మరునాటికి ముక్కిన వాసన కొట్టును. గోడ మూలలయందు నల్లని మచ్చలు లేచును. అది చూచి ఇల్లాలు మరింత నీరు పోసి, అంగడిలో దొరకు ఘాటైన మందు కలిపి, మరల కడుగును. తడివలన పుట్టిన మాలిన్యమును తడితోనే పోగొట్టబూనుట వలన శ్రమయు ధనమును వ్యర్థమగుచున్నవి. అంతకంటె ముఖ్యముగా ఆ ఇంటి పసిపిల్లల ఊపిరికి హాని కలుగుచున్నది. చెమ్మసీమలో ఇల్లు శుభ్రపరచుట యనగా మొదట ఇంటిని ఆరబెట్టుట. తక్కిన పనులన్నియు దాని తరువాతివే. ఇది ఎట్లో, ఎందుకో కొంచెము వివరముగా జూతము.

గాలి నీటిని ఆవిరి రూపమున మోయుననియు, వెచ్చని గాలి చల్లని గాలికంటె ఎక్కువ నీటిని మోయగలదనియు విద్యార్థులు భౌతికశాస్త్రమున చదివియే యున్నారు. ఒక ఘనమీటరు గాలి 25 డిగ్రీల వేడిమియొద్ద సుమారు 23 గ్రాముల నీటిని, 32 డిగ్రీలయొద్ద సుమారు 34 గ్రాముల నీటిని ఇముడ్చుకొనగలదు. వర్షకాలమున ఒక తెల్లవారుజామున వేడిమి 25 డిగ్రీలుండి, గాలి పూర్తిగా నీటితో నిండియున్నదనుకొందము. అప్పుడు సాపేక్ష ఆర్ద్రత నూటికి నూరు. మధ్యాహ్నము రెండు గంటలకు వేడిమి 32 డిగ్రీలకు పెరిగినది. గాలిలోని నీరు మాత్రము ఆ 23 గ్రాములే. 23ను 34చే భాగించి చూడుడు: ఆర్ద్రత నూటికి 68కి దిగినది. అనగా ఉదయమున ఒక చుక్కనైన పీల్చుకొనలేని గాలియే మధ్యాహ్నమున ఘనమీటరుకు మరి 11 గ్రాములు పీల్చుకొనుటకు సిద్ధముగా నున్నది. కావున నేల కడుగుట, బట్టలు ఆరవేయుట, పెట్టెలు తెరచుట మొదలగు పనులు ప్రొద్దెక్కిన పిమ్మట, సుమారు పది గంటలకును మూడు గంటలకును నడుమ చేయవలెను. దీపాలవేళకు ముందు ఇల్లు కడుగుట మన యిండ్లలో పెక్కింటి ఆచారము. వేసవిలో అది హాయి గొలుపును. శ్రావణమాసమున మాత్రము ఆ తడి రాత్రియంతయు నేలమీదనే నిలుచును. ఏలయన చల్లబడుచున్న గాలి దానిని తీసికొనిపోజాలదు.

గాలిలో తేమ యెంత యున్నదో తెలిసికొనుటకు యంత్రము కావలెనా యని యడుగుదురేమో. వంటయింటి ఉప్పుజాడీయే చాలును. శుద్ధమైన ఉప్పు, గాలిలోని ఆర్ద్రత నూటికి 75 దాటినప్పుడు నీటిని లాగి చెమ్మగిల్లును; అంతకు తక్కువైనచో పొడిగానే యుండును. మెత్తనియుప్పు ముద్దగట్టిన దినమున ఇంటిలో బూజు పెరుగుటకు తగిన వాతావరణ మేర్పడినదని గ్రహింపవలెను. అయితే ఈ పరీక్షకు కల్లుప్పు పనికిరాదు. మన గంజాము జిల్లాలో హుమ్మవంటి చోట్ల సముద్రపునీటిని మళ్ళయందు ఎండబెట్టి తీయు ముతకయుప్పులో మెగ్నీషియం లవణములు కొంత కలసియుండును. అవి మిక్కిలి తక్కువ తేమకే నీరుకారును. అప్పడములకు ప్రసిద్ధికెక్కిన ఊరు మనది. వాన మబ్బు పట్టిన దినమున అప్పడములు ఎండబెట్టువారిని అడిగినను ఈ సంగతి యంత స్పష్టముగను చెప్పగలరు.

ఇంటిలోని తేమ యంతయు సముద్రమునుండియే వచ్చినదని తలచుట పొరపాటు. కొంత మనమే తయారుచేయుచున్నాము. వంటగ్యాసు మండునప్పుడు దానిలోని ఉదజని గాలిలోని ప్రాణవాయువుతో గలసి నీరగును. ఒక కిలోగ్రాము గ్యాసు మండినచో ఒకటిన్నర కిలోగ్రాములకు పైగా నీటియావిరి పుట్టును. 14.2 కిలోగ్రాముల సిలిండరు ఒకటి ఖర్చగుసరికి సుమారు 22 లీటర్ల నీరు, అనగా రెండు పెద్ద బకెట్ల నీరు, ఆవిరియై ఇంటిలో వ్యాపించుచున్నదన్నమాట. ఇది బియ్యము, పప్పు ఉడుకునప్పుడు లేచు ఆవిరి గాక. వంటయింటి కిటికీ మూసి వండుట ఈ లెక్కను బట్టి చూచిన ఎంత అనర్థమో తెలియును. తడిబట్టలను పడకగదిలో దండెములమీద ఆరవేయుటయు నిట్టిదే. పిండిన తరువాత బట్టలో మిగిలిన నీరంతయు గదిగాలిలోనికే గదా పోవలసినది!

మన పాతవీథుల యిండ్లు పొడవుగా, ఇరుకుగా నుండును. ప్రక్కయింటి గోడ మనయింటి గోడతో కలసియుండుటచే ప్రక్కల కిటికీలకు తావులేదు. వీథిగుమ్మము, పెరటిగుమ్మము, నడుమ లోగిలి: గాలికి ఈ మూడే దారులు. ఆ యిండ్లు కట్టిన మేస్త్రీలు శాస్త్రము చదివిరో లేదో గాని, రెండు గుమ్మములను ఒకే వరుసలో నిలిపి, నడుమ ఆకాశము కనబడునట్లు లోగిలి వదలిరి. వెచ్చనిగాలి లోగిలిగుండ పైకిపోగా, గుమ్మములగుండ క్రొత్తగాలి లోనికి వచ్చును. ఇటీవల పెక్కుచోట్ల స్థలము కలిసివచ్చునను ఆశతో లోగిలిపైన సిమెంటుకప్పు వేయుచున్నారు. ఒక గది దొరకుట నిజమే. తక్కిన గదులన్నియు ఊపిరాడక చెమర్చుట ఆనాడే మొదలగును. కప్పు తప్పనిసరియైనచో దానినడుమ గాలిపోవు ఎత్తైన గవాక్షము నొకటి వదలవలెను. బీరువాను, పెట్టెల వరుసను గోడకు ఆనించక జానెడెడము విడువవలెను. గోడ చల్లగా నుండును గాన దానికి తగిలిన గాలి చల్లబడి అచ్చటనే తేమ ఎక్కువగును; బీరువా వెనుక బూజు ముందుగా పుట్టుటకు కారణమిదియే. మగ్గము గుంట గల యిండ్లలో మరియొక చిక్కున్నది. నూలుపోగు తెగకుండుటకు కొంత చెమ్మ మేలు; అదే చెమ్మ గోడకు, ఊపిరికి కీడు. నేత ముగిసినపిమ్మట గుంటను మూతవేయక, గాలి తగులునట్లు తెరచియుంచుట మంచిది.

ఇక బూజు సంగతి. తెలుగులో ఈ యొక్క మాటకు రెండర్థములు గలవు. సాలెపురుగు అల్లి విడిచిన, దుమ్ముపట్టిన దారములను బూజు అందుము. రొట్టెమీద, తోలుచెప్పులమీద, గోడలమీద మొలచు శిలీంధ్రమును గూడ బూజు అనియే అందుము. మాట యొకటే యైనందున మందు గూడ ఒకటే యనుకొని, గోడమీది నల్లబూజును గూడ బూజుకర్రతో దులుపువారు కలరు. మొదటి బూజునకు కర్ర సరియైనదే. రెండవదానిని పొడిగా దులిపినచో దాని సిద్ధబీజములు లక్షలకొలది గాలిలోనికి లేచి, ఇల్లంతయు పరచుకొని, శ్వాసతో లోనికి పోవును. చెమ్మయు బూజును గల యిండ్లలో నివసించువారికి దగ్గు, ఉబ్బసము మొదలగు శ్వాసబాధలు హెచ్చుగా నుండునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009వ సంవత్సరమున ప్రకటించిన గ్రంథమున స్పష్టముగా జెప్పినది. పిల్లవాడు వానకాలమంతయు రాత్రులు దగ్గుచున్నచో, మందు మార్చుటకు ముందు అతడు పండుకొను మంచము వెనుకటి గోడను ఒకసారి చూడవలెను.

నల్లబూజును తీయు విధానము కఠినమైనది కాదు. ముక్కునకు, నోటికి గుడ్డ కట్టుకొని, గదితలుపు మూసి, కిటికీ తెరచి, సబ్బునీటిలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో మచ్చను ఒత్తి తుడువవలెను. నీరు గోడమీద పోయరాదు. వెంటనే పొడిగుడ్డతో అద్ది, పంకా వేసి, ఆ తావు పూర్తిగా ఆరువరకు నిలువవలెను. తుడిచిన గుడ్డను వేడినీట ఉడికించి ఎండలో వేయవలెను. బ్లీచింగుపొడి నీళ్ళు చల్లినచో మచ్చ తెల్లబడును. అందుచే బూజు చచ్చినదని సంతోషింతుము. రంగు పోయినను, గోడలోనికి ఇంకిన తడి అట్లే యుండుటచే కొన్ని వారములలో మచ్చ మరల వచ్చును. సిద్ధబీజములు గాలిలో ఎల్లప్పుడు నుండునవే. వానిని రూపుమాపుట ఎవరి తరమును కాదు. నీరు దొరకకుండ జేయుటయే మన చేతిలో నున్నది.

బ్లీచింగుపొడి నంతట నిషేధింపవలెనని నా యభిప్రాయము కాదు. 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురమువద్ద తీరము దాటినప్పుడు మన ప్రాంతమున ఎన్ని యిండ్లు తడిసినవో పెద్దలకు తెలియును. అట్టి సమయమున బావులను, మురికినీరు నిలిచిన తావులను శుద్ధిచేయుటకు దానిని మించినది లేదు. అది వ్యాధిక్రిములనుండి కాపాడును. ఇంటిని ఆరబెట్టుట దాని పని కాదు. తుపాను వెలిసిన తరువాత ఒకటి రెండు దినములలోగా తడిసిన వస్తువులను బయటికి తెచ్చి ఆరబెట్టగలిగినచో చాలభాగము దక్కును. అంతకు మించి ఆలస్యమైనచో బూజు వేళ్ళూనును. విద్యుచ్ఛక్తి లేక పంకాలు తిరుగని ఆ దినములలో ఏది ముందు, ఏది వెనుక యను నిర్ణయము ముఖ్యము. నా మాట వినినచో పుస్తకములును, పట్టుబట్టలును ముందు, చెక్కసామాను తరువాత. లోపలిదాక నీరు త్రాగిన బూరుగుదూది పరుపు మాత్రము ఎంత ఎండబెట్టినను నడిమిభాగము ఆరదు. దానిపై మమకారము విడిచి, దూది తీసివేయించుటయే క్షేమము.

మందులను కలుపుటవలన గలుగు ప్రమాదమును గూర్చి తల్లిదండ్రులు ప్రత్యేకముగా నెరుగవలెను. స్నానపుగదులు కడుగు యాసిడ్‌ను బ్లీచింగుపొడితో కలిపినచో క్లోరిన్ అను విషవాయువు వెలువడును. తలుపు మూసిన చిన్నగదిలో అది ఊపిరితిత్తులను కాల్చివేయగలదు. అమ్మోనియా గల ద్రవములతో బ్లీచింగును కలిపినను విషవాయువులే పుట్టును. అంత ప్రమాదము లేని మరియొక వ్యర్థప్రయోగము గలదు: వంటసోడాను, వెనిగరును కలిపి బుసబుస పొంగుటను చూచి, అది గొప్ప మందని భ్రమించుట. ఒకటి క్షారము, మరియొకటి ఆమ్లము. రెండును ఒకదాని నొకటి చంపుకొనగా మిగులునది ఇంచుమించు ఉప్పునీరే. జిడ్డునకు సోడాను విడిగాను, నీటిగారకు వెనిగరును విడిగాను వాడినచో రెండును పనిచేయును.

ఈ సీసాలమీది హెచ్చరికలు సాధారణముగా ఇంగ్లీషులోను, హిందీలోను ముద్రింపబడియుండును. మన యిండ్లలో తెలుగు మాత్రమే చదువగల తల్లులు, అమ్మమ్మలు పెక్కుమంది కలరు. సీసాను వాడువారు సాధారణముగా వారే. కావున ఇంగ్లీషు నేర్చుచున్న విద్యార్థి ప్రతి సీసామీది హెచ్చరికను చదివి, దానిని రెండు పంక్తుల తెలుగులో పెద్ద అక్షరములతో వ్రాసి, ఆ సీసాకే అంటింపవలెను. "దీనిని బ్లీచింగుతో కలుపరాదు" అను మూడు మాటలు చాలును. విడిగా కొనితెచ్చిన యాసిడ్‌ను పానీయపు సీసాలలో పోసి యుంచుట అన్నిటికంటె ఘోరమైన అలవాటు. దప్పిగొన్న పిల్లవానికి సీసా రూపమే తెలియును గాని లోపలి ద్రవము తెలియదు.

మన పూర్వులు గోడలకు వాడిన సున్నమును ఇప్పుడు పేదరికపు గుర్తుగా జూచువారు కలరు. శాస్త్రదృష్టితో జూచిన అది చెమ్మసీమకు మిక్కిలి తగిన పూత. తడిసున్నము తీవ్రమైన క్షారము. దానిమీద బూజు బ్రతుకజాలదు. క్రమముగా అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి, మరల సున్నపురాయిగా మారి గోడను పట్టుకొనును. ఆ పొరలో సూక్ష్మరంధ్రములుండుటచే గోడలోని నీరు ఆవిరియై బయటికి పోవును. ప్లాస్టిక్ రంగు వేసిన గోడకు ఆ సదుపాయము లేదు. నేలనుండి గోడలోనికెక్కిన నీరు రంగు వెనుక చిక్కుకొని, బుడగలు లేచి, పొట్టు రాలును. క్షారము తగ్గిపోవును గనుక సున్నము ఏటేట వేయవలసియుండుట నిజమే. దానిని పండుగలకు వేయించుట ఆచారము. చెమ్మగల గదులకైనచో వైశాఖమాసముననే, వానలకు ముందు వేయించుట మేలని నా తలంపు. కాల్చిన సున్నమును నీటిలో వేసినప్పుడు అది సలసల కాగును. చింది కంటిలో పడినచో చూపే పోవచ్చును గాన పిల్లలను దరికి రానీయరాదు.

పాతదంతయు మంచిదని గూడ చెప్పజాలను. పేడనీళ్ళ కళ్ళాపి మట్టివాకిటికి ఎండకాలమున దుమ్మణచును. వానకాలమున అది ఆరక, తానే బూజునకు ఆహారమగును. పేడలో ధనుర్వాతపు క్రిముల బీజములుండవచ్చును గాన చేతులకు, కాళ్ళకు గాయములున్నవారు దానిని తాకరాదు. ఆ నాలుగు నెలలు వాకిట పొడి ముగ్గు చాలును. ఇత్తడిసామానుకు చింతపండు రుద్దుట మాత్రము నేటికిని నిర్దోషమైన పద్ధతి. చింతపండులోని టార్టారిక్ ఆమ్లము చిలుమును కరగించును. రుద్దిన పిమ్మట బాగుగా కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడువకున్నచో తేమగాలికి చిలుము మరల పట్టును. ఆ చింతపండునే, నిమ్మరసమునే సున్నపుగచ్చు మీదను, చలువరాతి మీదను వాడరాదు. ఆమ్లము సున్నమును తినివేయును. నునుపు పోయిన నేల మరింత మురికిని, మరింత నీటిని పట్టుకొనును.

ఇక బరంపురమువారికి ప్రాణప్రదమైన పట్టు. పట్టు జంతుజన్యమైన మాంసకృత్తు. సబ్బులోని క్షారము దానిని బలహీనపరచును. కుంకుడుకాయలోని నురుగునిచ్చు పదార్థమునకు సాపొనిన్ అని పేరు. అందు క్షారము లేదు గాన పట్టునకు అది తగినది. ఒడియా దుకాణములలో రీఠా అని యడిగినచో ఇదియే యిత్తురు. ఆరేడు కాయలను గింజలు తీసి, వెచ్చనినీట కొంతసేపు నానబెట్టి, పిసికి, గుడ్డలో వడగట్టి వాడవలెను. చెట్టునుండి వచ్చినది గదా, ఎచ్చట పారబోసిన నేమి యనుకొనరాదు. సాపొనిన్ చేపలకు విషము; పూర్వము కొన్ని చోట్ల చేపలను మత్తెక్కించి పట్టుటకు ఇట్టి కాయలనే వాడెడివారు. ఆ నురుగునీటిని చెరువులోనికి గాక, పెరటిలోని మట్టిలోనికి వదలవలెను. ఉతికిన పట్టును ఎండలో గాక, గాలితగులు నీడలో ఆరవేయవలెను.

పెట్టెలో దాచు బట్టలకు గంజి పెట్టరాదు. గంజి బూజునకును, పుస్తకములు తిను వెండిపురుగునకును ఇష్టమైన ఆహారము. పురుగులు రాకుండ చాలమంది నాఫ్తలీన్ గోళీలు వేయుదురు. జి-6-పి-డి అను ఎంజైము లోపముగల శిశువులకు ఆ వాసన పట్టిన బట్టలు చుట్టినచో రక్తకణములు విచ్ఛిన్నమై ప్రాణాపాయము కలుగవచ్చును. పసిబిడ్డల బట్టలున్న పెట్టెలో ఆ గోళీలను వేయనే రాదు. వేపాకు వేయుట మంచి ఆచారమే. చెట్టునుండి కోసిన పచ్చియాకును అట్లే వేసినచో దానిలోని నీరు పెట్టెలోనే ఆవిరియై, ఏ చీరను కాపాడబూనితిమో ఆ చీరకే బూజు పట్టించును. ఆకును నాలుగైదు దినములు నీడలో గలగలలాడునట్లు ఎండబెట్టి, పలుచని గుడ్డమూటలో కట్టి వేయవలెను. ఉప్పుజాడీ పొడిగా నున్న దినము చూచి, మధ్యాహ్నవేళ పెట్టె తెరచి, చీరల మడతలు విప్పి ఒక గంట గాలికి పరచి, పాతమడతమీద గాక వేరొకచోట మడచి, బట్ట చల్లబడిన తరువాత లోపల పెట్టవలెను.